ఇరవై నాలుగు గంటల నొప్పి: కోయడం ఎప్పుడు, ఆగడం ఎప్పుడు?

అపెండిసైటిస్ అంటే మన ఊళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు. "24 గంటల కడుపునొప్పి" అంటే మాత్రం అందరికీ తెలుసు. ఆ మాట వినగానే పెద్దవాళ్లకు గుండె జారిపోతుంది. 24 గంటల్లో ఆపరేషన్ చేయకపోతే లోపల పేగు పగిలి మనిషి దక్కడని మనవాళ్ల నమ్మకం. ఆ నమ్మకంలో సగం నిజం ఉంది. అయితే ఒక్కోసారి ఇదే నొప్పితో పెద్దాసుపత్రికి వెళ్తే, అక్కడి సర్జన్ అన్ని పరీక్షలూ చేయించి, "ఇప్పుడు కోయడం లేదు, మందులతో చూద్దాం" అంటారు. అప్పుడు ఇంటివాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. కోయకపోతే ప్రాణం పోతుందన్న జబ్బుకు కోత వద్దంటున్నారేమిటి అని అనుమానం వస్తుంది.

ఆ అనుమానానికి సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను డాక్టరును కాను, జంతుశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్న విద్యార్థిని. కాబట్టి ఇందులో ఏ మందు ఎంత వేసుకోవాలో ఉండదు. జబ్బు లోపల ఎలా నడుస్తుంది, వైద్యులు ఎప్పుడు కత్తి పడతారు, ఎప్పుడు ఆగుతారు, ఎందుకు ఆగుతారు అన్నంతవరకే ఉంటుంది. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసులో. అంటే సరిగ్గా మన హాస్టళ్లలో ఉండే వయసు. అందుకే ఈ విషయం మన సంచికలో ఉండాలనిపించింది.

అపెండిక్స్ అంటే ఏమిటి?

చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసేది పొట్టకు కుడివైపు కింది భాగంలో. అక్కడ పెద్దపేగు ఒక చిన్న సంచిలా మొదలవుతుంది. ఆ సంచికి వానపాములా వేలాడే సన్నని గొట్టమే అపెండిక్స్. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఉండుకం అని రాశారు. పొడవు సుమారు 6 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక కొన మూసుకుని, రెండో కొన మాత్రమే పేగులోకి తెరుచుకుని ఉంటుంది. ఒకే వాకిలి ఉన్న గదిలాంటిది అనుకోండి.

ఆ వాకిలి మూసుకుపోతే జబ్బు మొదలవుతుంది. ఎండి గట్టిపడిన మలం ముక్క అడ్డుపడవచ్చు. ఏదైనా ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు గొట్టం గోడలోని లింఫ్ కణజాలం వాచి దారి మూసేయవచ్చు. అరుదుగా నులిపురుగులు కూడా కారణమవుతాయి. వాకిలి మూసుకున్నా లోపలి పొర ద్రవాన్ని ఊరుస్తూనే ఉంటుంది. బయటికి దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి, గొట్టం వాస్తుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే గోడలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తం అందదు. రక్తం అందని గోడ కుళ్లుతుంది. కుళ్లిన చోట చిల్లు పడుతుంది. జబ్బు కథ అంతా ఇదే వరుసలో నడుస్తుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. అన్నంలో రాళ్లు తింటే, జామగింజలు మింగితే ఈ జబ్బు వస్తుందని అంటారు. ఈ లెక్కన మెస్సులో తినే మనలో ఒక్కరికీ అపెండిక్స్ మిగలకూడదు. గింజలు వెళ్లి అడ్డుపడటం చాలా అరుదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం. కాబట్టి ఏం తిన్నామని ఆలోచిస్తూ కూర్చోవడం కంటే నొప్పి తీరును గుర్తుపట్టడం ముఖ్యం.

నొప్పి నడిచే దారి

ఈ నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలవుతుంది. ఆకలి చచ్చిపోతుంది, వికారంగా ఉంటుంది, ఒకటి రెండు వాంతులు అవుతాయి. కొన్ని గంటలు గడిచాక నొప్పి కుడివైపు కిందికి దిగి అక్కడే స్థిరపడుతుంది. కొద్దిగా జ్వరం వస్తుంది. దగ్గినా, నడిచినా, బస్సు గతుకులో పడినా ఆ చోట కలుక్కుమంటుంది.

బొడ్డు దగ్గర మొదలై కిందికి ఎందుకు దిగుతుంది? గర్భంలో పేగులు తయారయ్యేటప్పుడు అపెండిక్స్‌కు నరాలు వచ్చింది బొడ్డు ప్రాంతానికి చెందిన వెన్ను భాగం నుంచే. అందుకే గొట్టం సాగినప్పుడు మెదడు ఆ నొప్పిని బొడ్డు దగ్గరిదిగా లెక్కగడుతుంది. వాపు పెరిగి పొట్ట గోడకు లోపల ఉండే సన్నని పొరకు తగిలాక, నొప్పి అసలు చోటును కచ్చితంగా చూపిస్తుంది. 1889లో న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ ఈ నొప్పి ఎక్కువగా ఉండే చోటును వివరించాడు. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక ముందు మొన వరకు ఒక గీత గీస్తే, ఎముక వైపు నుంచి మూడో వంతు దూరంలో ఆ చోటు ఉంటుంది. ఇప్పటికీ డాక్టర్లు అక్కడే వేలు పెట్టి చూస్తారు.

అందరికీ ఇదే వరుసలో రావాలని లేదు. అపెండిక్స్ పెద్దపేగు వెనక దాక్కుని ఉంటే నొప్పి నడుము పక్కన తెలుస్తుంది. కిందికి కటి భాగంలోకి వేలాడుతూ ఉంటే మూత్రంలో మంట, విరేచనాలు కనిపించి దారి తప్పిస్తాయి. అమ్మాయిల్లో నెలసరి నొప్పి అనుకునే ప్రమాదం ఉంది. అండాశయంలో నీటి తిత్తులు, గర్భసంచి బయట నిలిచిన గర్భం కూడా ఇలాంటి నొప్పినే ఇస్తాయి. అందుకే ఆడపిల్లలకు స్కానింగ్ మరింత అవసరం. "నెలసరి నొప్పేలే" అని నోరు కట్టుకుని పడుకునే చెల్లెళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

జబ్బు ముదిరితే మూడు దారులు

మొదటి రోజే ఆస్పత్రికి చేరి, గొట్టం వాచి మాత్రమే ఉంటే దాన్ని మామూలు అపెండిసైటిస్ అంటారు. గొట్టం కుళ్లినా, చిల్లు పడినా, చీము పట్టినా, ముద్ద కట్టినా దాన్ని ముదిరిన లేదా జటిలమైన అపెండిసైటిస్ అంటారు. 24 గంటల లెక్క గడియారం కొట్టినట్టు అందరికీ ఒకేలా ఉండదు. సాధారణంగా నొప్పి మొదలై ఒకటిన్నర రోజు దాటాక పగిలే ప్రమాదం పెరుగుతూ పోతుంది. చిన్నపిల్లల్లో, ముసలివాళ్లలో జబ్బు గుర్తించడం ఆలస్యమై పగిలిపోవడం ఎక్కువ.

చిల్లు పడ్డాక ఏం జరుగుతుందనేది మన శరీరం చేసే కాపలా మీద ఆధారపడి ఉంటుంది. పేగుల ముందు కొవ్వుతో కూడిన ఒక పొర తెరలా వేలాడుతూ ఉంటుంది. దాన్ని వప అంటారు. కడుపులో ఎక్కడ మంట పుట్టినా ఈ పొర అక్కడికి చేరి అతుక్కుంటుంది. అందుకే సర్జన్లు దీన్ని కడుపులోని పోలీసు అంటారు.

కాపలా చేరకముందే చిల్లు పడితే మలం, చీము కడుపంతా పాకుతాయి. ఇది మొదటి దారి. పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది, నాడి వేగం పెరుగుతుంది, మనిషి కదలలేడు. చిల్లు పడిన క్షణంలో లోపలి ఒత్తిడి దిగి నొప్పి కాసేపు తగ్గినట్టు అనిపించవచ్చు. "తగ్గిందిలే" అని ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు ఆ కాసేపట్లోనే మోసపోతారు.

కాపలా సగం ఫలించి చీము ఒకే చోట ఆగితే అది చీముగడ్డ. ఇది రెండో దారి. వప, చుట్టుపక్కల పేగులు కలిసి వాచిన అపెండిక్స్‌ను గట్టిగా చుట్టేస్తే అక్కడ చేతికి తగిలే ముద్ద తయారవుతుంది. ఇది మూడో దారి. ముద్ద కట్టడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి ముద్ద కనిపించిందంటే రోగి ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చాడని అర్థం. శరీరం తనవంతు కోట కట్టుకుందని కూడా అర్థం.

నూరేళ్ల నాటి వాదం

కోయాలా, ఆగాలా అన్న వాదం కొత్తది కాదు. 1886లో అమెరికాలోని బోస్టన్‌కు చెందిన రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బుకు అపెండిసైటిస్ అని పేరు పెట్టి, మూలం అపెండిక్స్‌లోనే ఉందని నిరూపించాడు. వెంటనే తీసేయాలన్న పక్షం బలపడింది. కానీ ఆ రోజుల్లో యాంటీబయాటిక్స్ లేవు. కోటలా అతుక్కున్న ముద్దను విడదీయబోతే చీము కడుపంతా పాకి రోగులు చనిపోయేవారు. అది చూసి షికాగోకు చెందిన ఆల్బర్ట్ ఆక్స్‌నర్ మరో పద్ధతి చెప్పాడు. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా పేగులకు పూర్తి విశ్రాంతి ఇస్తే ఇన్‌ఫెక్షన్ పాకదని, మంట చల్లారాక ఆపరేషన్ చేయవచ్చని వాదించాడు. లండన్‌లో జేమ్స్ షెరెన్ దీన్ని అనుసరించాడు. ఇద్దరి పేర్లతో ఆక్స్‌నర్-షెరెన్ పద్ధతి అని మన వైద్య విద్యార్థులు నేటికీ చదువుతున్నారు.

దీనికి చరిత్రలో పేరున్న ఉదాహరణ ఒకటుంది. 1902 జూన్ 26న బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం జరగాలి. దేశదేశాల అతిథులు లండన్ చేరుకున్నారు. రాజుకు కడుపునొప్పి, జ్వరం వచ్చాయి. కుడివైపు కింద చీముగడ్డ కట్టింది. జూన్ 24న సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ రాజభవనంలోనే ఆపరేషన్ చేశాడు. ఆయన చేసింది చీము తీయడం మాత్రమే, అపెండిక్స్ జోలికి వెళ్లలేదు. రాజు కోలుకున్నాడు. ఆగస్టు 9న పట్టాభిషేకం జరిగింది. ఆ తర్వాత 1910 వరకు ఆయన బతికాడు. రాజుకైనా ఆ దశలో చేయాల్సింది అంతవరకేనని సర్జన్ నిర్ణయించాడన్నమాట. 1940ల తర్వాత పెన్సిలిన్, ఆ వెనక మరెన్నో యాంటీబయాటిక్స్ రావడంతో ఆగే పద్ధతికి బలం పెరిగింది. 1980లలో పొట్టకు చిన్న రంధ్రాలు చేసి చేసే లాపరోస్కోపీ రావడంతో కోసే పద్ధతికీ బలం పెరిగింది. అందుకే వాదం ఇంకా సాగుతోంది.

ఇప్పుడు ఏం చేస్తారు?

మొదటి దారిలో, అంటే చిల్లు పడి విషం కడుపంతా పాకినప్పుడు, ఆగే ప్రశ్నే లేదు. సెలైన్, యాంటీబయాటిక్స్ ఎక్కించి మనిషిని నిలబెట్టి, వెంటనే ఆపరేషన్ చేస్తారు. అపెండిక్స్ తీసి, చీము తొలగించి, కడుపును శుభ్రం చేస్తారు. ఇక్కడ "మందులతో తగ్గుతుందేమో చూద్దాం" అనడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

రెండో దారిలో, చీముగడ్డ చిన్నదైతే యాంటీబయాటిక్స్‌తో కరగవచ్చు. పెద్దదైతే స్కానింగ్‌లో చూస్తూ చర్మం గుండా సన్నని గొట్టం దించి చీమును బయటికి లాగుతారు. పొట్ట కోయనక్కర్లేదు. ఆ సౌకర్యం లేనిచోట, లేదా గడ్డ సూదికి అందని చోట ఉంటే ఆపరేషన్‌తో తీస్తారు.

మూడో దారిలో, ముద్ద కట్టి రోగి నిలకడగా ఉంటే, చాలాచోట్ల మొదట ఆగుతారు. కారణం తెలిస్తే భయం పోతుంది. ముద్దలో పేగులు వాచి, తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. విడదీయబోతే మంచి పేగు చిరగవచ్చు. అపెండిక్స్ ఎక్కడుందో దొరకకపోవచ్చు. వేలంత గొట్టం కోసం మొదలుపెట్టిన ఆపరేషన్ పెద్దపేగులో ఒక భాగం కోసి తీసేదాకా పోవచ్చు. శరీరం కట్టుకున్న కోటను మనమే కూల్చినట్టవుతుంది.

ఆగడం అంటే వదిలేయడం అనుకోకూడదు. మొదట నోటికి ఏమీ ఇవ్వరు. సెలైన్ పెడతారు. సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్స్ నరానికి ఇస్తారు. గంటల వారీగా నాడి, జ్వరం రాస్తారు. తెల్లకణాల లెక్క చూస్తారు. ముద్ద ఎంతవరకు ఉందో పొట్ట మీద పెన్నుతో గీత గీసి, రోజూ ఆ గీతతో పోల్చి చూస్తారు. ముద్ద గీత లోపలికి తగ్గుతూ, జ్వరం దిగుతూ, ఆకలి వేస్తూ ఉంటే మందులు పనిచేస్తున్నట్టు. నాడి వేగం పెరిగినా, నొప్పి పాకినా, ముద్ద గీత దాటి పెరిగినా ఆగడం ఆపేసి చీము తీయడానికో, ఆపరేషన్‌కో సిద్ధమవుతారు.

ఒక తండ్రి అడిగిన ప్రశ్న

రెండేళ్ల క్రితం మన హాస్టల్‌లో ఇంటర్ చదివే ఒక తమ్ముడికి ఇదే జరిగింది. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడటంతో నొప్పిని ఎవరికీ చెప్పలేదు. ఇంటికి చెబితే అప్పు చేస్తారని మరో భయం. రోడ్డు మీద ఒక ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు నొప్పి ఇంజక్షన్ వేయించుకుని మూడు రోజులు నెట్టుకొచ్చాడు. నాలుగో రోజు జ్వరంతో లేవలేకపోతే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాం. అటెండెంటుగా రాత్రిళ్లు నేనున్నాను. స్కానింగ్‌లో ముద్ద కట్టిందని తేలింది. ఆపరేషన్ ఇప్పుడు వద్దన్నారు.

కూలి పని వదులుకుని వాళ్ల నాన్న ఊరి నుంచి వచ్చాడు. పక్క మంచం మీది కుర్రాడికి అదే జబ్బుకు మొదటి రోజే ఆపరేషన్ చేశారు. రెండు రోజులు చూసి, నన్ను వరండాలోకి పిలిచి, "బాబూ, మేం డబ్బు లేనోళ్లమనేనా మావాడికి కోయట్లేదు?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇద్దరం కలిసి డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన విసుక్కోలేదు. పిల్లవాడి పొట్ట మీద నిన్నటి గీత, ఇవాళ్టి గీత చూపించారు. "పెద్దాయనా, ఇది రెండు వేళ్లు తగ్గింది చూడు. ఇప్పుడు కోస్తే మంచి పేగు తెగుతుంది. తగ్గేదాకా ఆగుతున్నాం. పెరిగితే అర్ధరాత్రయినా కోస్తాం" అన్నారు. ఆ రెండు గీతలు చూశాక తండ్రి మంచం పక్కన చాప పరుచుకుని ఆ రాత్రి నిద్రపోయాడు.

వారం తర్వాత పిల్లవాడు డిశ్చార్జి అయ్యాడు. రెండు నెలల తర్వాత పిలిపించి లాపరోస్కోపీతో అపెండిక్స్ తీశారు. పక్క మంచం కుర్రాడికి మొదటి రోజే ఎందుకు కోశారో కూడా అప్పుడు అర్థమైంది. అతను నొప్పి వచ్చిన కొన్ని గంటలకే వచ్చాడు, అతనికి ముద్ద కట్టలేదు. జబ్బు పేరు ఒకటే అయినా దశ వేరు, అందుకే వైద్యం వేరు. పేదరికానికి ఇందులో ఒక్క సంబంధమే ఉంది. అప్పు భయం వల్లనే ఆ మూడు రోజుల ఆలస్యం జరిగింది.

పరిశోధనలు చెప్పేది

ముద్ద, చీముగడ్డ రోగుల మీద అప్పటికి వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి స్వీడన్ వైద్యులు ఆండర్సన్, పెట్జోల్డ్ 2007లో ఒక సమీక్ష ప్రచురించారు. మొదట ఆపరేషన్ లేకుండా చేసిన వైద్యం విఫలమైంది సుమారు 7 శాతం మందిలోనే. వెంటనే కోసినవారిలో ఇబ్బందులు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయి. తగ్గాక మళ్లీ జబ్బు తిరగబెట్టింది కూడా సుమారు 7 శాతం మందిలోనే.

దీనికి ఎదురుగా 2015లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి వైద్యులు చీముగడ్డ ఉన్న 60 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. చేయి తిరిగిన సర్జన్లు లాపరోస్కోపీ చేసిన జట్టులో మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది 3 శాతం. మందులతో ఆగిన జట్టులో 27 శాతం. అయితే ఆపరేషన్ జట్టులో ప్రతి పదిమందిలో ఒకరికి పేగు భాగం కూడా తీయాల్సి వచ్చింది. అంటే అనుభవమున్న సర్జన్, మంచి పరికరాలు ఉన్నచోట ముందే కోయడం కూడా సరైన దారే. అవి లేనిచోట మందులతో ఆగడం క్షేమం. 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఇదే ధోరణిలో ఉన్నాయి. కాబట్టి రెండు ఆస్పత్రుల్లో రెండు మాటలు వినిపించినంత మాత్రాన ఒకరు మోసం చేస్తున్నారని అనుకోనక్కర్లేదు.

ఇంకొక విషయంలో గందరగోళం ఉంది. అపెండిసైటిస్ మందులతోనే తగ్గిపోతుందని ఈమధ్య వింటున్నాం. 2015లో ఫిన్లాండ్‌లో 530 మంది మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం నుంచి ఆ మాట బాగా ప్రచారమైంది. అది ముదరని జబ్బు మీద, సీటీ స్కాన్ తీసి నిర్ధారించుకున్నాక, ఆస్పత్రిలో చేర్చుకుని చేసినది. అందులోనూ మందులు వాడినవారిలో ఏడాదిలోపు సుమారు 27 శాతం మందికి, ఐదేళ్లలో సుమారు 39 శాతం మందికి ఆపరేషన్ తప్పలేదు. మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కొనుక్కుని గదిలో పడుకోవడానికి ఈ అధ్యయనం అనుమతి ఇవ్వదు.

తగ్గాక అపెండిక్స్ తీయాలా?

ముద్ద కరిగాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు అపెండిక్స్ తీయించడం చాలాకాలంగా ఉన్న ఆచారం. తిరగబెట్టేది కొద్దిమందికే అయినప్పుడు అందరికీ ఆపరేషన్ ఎందుకన్న ప్రశ్న వచ్చింది. యువకుల్లో అవసరాన్ని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. మళ్లీ నొప్పి వస్తే తీస్తారు. మారుమూల ఊళ్లో ఉండి, నొప్పి వస్తే ఆస్పత్రికి చేరడం కష్టమైనవాళ్లు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి. నిర్ణయంలో దానికీ చోటుంది.

40 ఏళ్లు దాటినవాళ్ల విషయం వేరు. ఫిన్లాండ్‌లోనే జరిగి 2019లో ప్రచురించిన మరో అధ్యయనంలో, చీముగడ్డ మందులతో తగ్గినవారిలో 20 శాతం మందికి అపెండిక్స్‌లో కణితి బయటపడింది. వాళ్లంతా 40 దాటినవాళ్లే. ఆ కారణంగా అధ్యయనాన్నే మధ్యలో ఆపేశారు. అది 60 మందితో జరిగిన చిన్న అధ్యయనమే అయినా హెచ్చరిక పెద్దది. మన అమ్మానాన్నల వయసువాళ్లకు ఈ ముద్ద కట్టి తగ్గితే, "తగ్గిపోయిందిగా" అని వదిలేయకుండా మళ్లీ తీసుకెళ్లి చూపించే బాధ్యత చదువుకున్న మనదే.

చేయకూడనివి, చేయాల్సినవి

ఇలాంటి నొప్పి వచ్చినప్పుడు ఆముదం తాగించకూడదు, ఎనిమా ఇవ్వకూడదు. విరేచనం కోసం పేగులు బలంగా కదిలితే వాచిన గొట్టం పగిలే ప్రమాదం ఉంది. "బొడ్డు జారింది" అని పొట్ట తోమించకూడదు. వేడి కాపడం పెట్టి ఊరుకోకూడదు. నొప్పి ఇంజక్షన్ వేయించుకుని ఇంటికి రాకూడదు. ఆస్పత్రిలో డాక్టర్ చూశాక నొప్పి మందు ఇవ్వడం తప్పు కాదు, అది రోగికి మేలే. అసలు పరీక్షే లేకుండా నొప్పిని అణచడమే ప్రమాదం. ఆస్పత్రికి చేరేదాకా ఏమీ తినకపోవడం మంచిది, ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇవ్వడానికి ఖాళీ కడుపు కావాలి.

ఆరు గంటలకు మించి తగ్గని నొప్పి, కుడివైపుకు దిగిన నొప్పి, నొప్పితో పాటు వాంతులు, జ్వరం ఉంటే అర్ధరాత్రి అయినా వార్డెన్ గారిని లేపండి. 2005లో మొదలైన 108 అంబులెన్స్ మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆస్పత్రిలో చేరగానే పథకం కౌంటర్ దగ్గర మన జబ్బుకు వర్తిస్తుందో లేదో అడగండి. రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు ట్రంకు పెట్టెలో ఒక కవరులో పెట్టుకోండి. ప్రభుత్వ ఆస్పత్రికి పోవడానికి అవి దొరికేదాకా ఆగనక్కర్లేదు.

డాక్టర్‌ను అడగడానికి మొహమాటపడవద్దు. మర్యాదగా ఈ ఐదు ప్రశ్నలు అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

1. అపెండిక్స్ వాచిందా, పగిలిందా, ముద్ద కట్టిందా?
2. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే ప్రమాదం ఏమిటి, ఆగితే ప్రమాదం ఏమిటి?
3. ఆగుతున్నామంటే, ఏ గుర్తు కనిపిస్తే ఆపరేషన్‌కు మారతారు?
4. చీము తీయడానికి స్కానింగ్ గొట్టం సౌకర్యం ఇక్కడ ఉందా, పెద్దాసుపత్రికి పంపాలా?
5. డిశ్చార్జి తర్వాత మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ లక్షణం వస్తే వెంటనే రావాలి?

ఈ ప్రశ్నలకు వచ్చిన సమాధానాలను ఇంటివాళ్లకు వాళ్ల భాషలో వివరించి చెప్పాలి. మనలో చాలామంది ఇళ్లలో డాక్టర్ చీటీ చదవగలిగేది మనం ఒక్కరమే. ఆస్పత్రి వరండాలో నిలబడ్డ తండ్రికి, తల్లికి భయం పోగొట్టే పని మన చదువుతో చేయగలం.

చివరిగా తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మాట. ఈ జబ్బులో ఆగడం కూడా ఒక వైద్యమే. కానీ అది సెలైన్ కింద, డాక్టర్ కళ్ల ముందు, గంట గంటకూ నాడి చూస్తూ జరిగే వైద్యం. దుప్పటి కప్పుకుని గదిలో మనం ఆగితే దాన్ని ఆలస్యం అనాలి. పరీక్ష పోతే సప్లిమెంటరీ ఉంది. నొప్పి మొదలైన మొదటి రాత్రే పక్క మంచం మిత్రుడిని లేపి చెప్పండి. లేపినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.